కార్యకారణ నియమం – గురుత్వాకర్షణ సిద్ధాంతాలకు అది గీసిన హద్దు

కారణం ముందు, కార్యం తరువాత అన్నది లోకానికంతటికీ తెలిసిన విషయమే. విత్తు నాటకముందే మొక్క మొలవదు. మబ్బు పట్టకముందే వాన కురవదు. ఈ సామాన్య విషయాన్ని శాస్త్రీయంగా నిర్వచించినవారిలో 17వ శతాబ్దపు ఆంధ్రదేశీయుడు అన్నంభట్టు ప్రముఖుడు. ఆయన రచించిన తర్కసంగ్రహం దేశమంతటా న్యాయశాస్త్ర విద్యార్థులకు తొలి పాఠ్యగ్రంథమైంది. ఏది కార్యానికి ముందు తప్పక ఉంటుందో దానినే కారణమనాలని ఆయన అందులో నిర్ణయించాడు. తర్కశాస్త్రంలో ఒక లక్షణంగా చెప్పబడిన ఈ మాటకు సమానమైన నియమమే నేటి భౌతికశాస్త్రంలో సమీకరణాలకు హద్దులు గీస్తున్నది. ఏ ప్రయోగశాలకూ అందని సూక్ష్మ ప్రపంచంలో గురుత్వాకర్షణ ఎట్లా ఉండవచ్చునో, ఎట్లా ఉండరాదో ఈ ఒక్క నియమం ఆధారంగా శాస్త్రజ్ఞులు కొంతవరకు చెప్పగలుగుతున్నారు. ఆ చరిత్రను సంగ్రహంగా వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

ముందు వెనుకలు, కాలగణన

ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించడానికి కాలాన్ని నిక్కచ్చిగా కొలిచే సాధనం కావాలి. ఈ విషయంలో ఉత్తరాంధ్రకు గర్వించదగిన చరిత్ర ఉంది. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలోని తన నివాసంలో ఒక ఖగోళ పరిశోధనాలయాన్ని స్థాపించాడు. ఆయన అనంతరం అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ బాధ్యతను స్వీకరించి, 1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిన అరుదైన దృశ్యాన్ని పరిశీలించాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు బిస్సమ్ కటక్ ప్రాంతం కూడా విశాఖపట్నం జిల్లాలోనిదే. తరువాత కోరాపుట్ జిల్లాలోనూ, 1992 అక్టోబరు 2 నుంచి రాయగడ జిల్లాలోనూ భాగమైంది. కనుక ఆ పరిశోధనాలయపు చరిత్ర ఈ ప్రాంతానికి పరాయిది కాదు.

విజయనగరం – రాయపూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ మార్గంలో బండి కదలడానికి పూర్వం ఒక స్టేషను మాస్టరు ముందు స్టేషనుకు కబురు పంపి 'లైన్ క్లియర్' తీసుకొనేవాడు. కబురు అందడం కారణం, బండి కదలడం కార్యం. కబురు రాకముందే బండి కదిలితే ప్రమాదం. కబురు చేరడానికి పట్టే కాలం ఎంత స్వల్పమైనా సరే, అది శూన్యం కాదు. ఈ చిన్న విషయమే ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతానికి పునాది అయింది.

న్యూటన్ నుంచి ఐన్‌స్టీన్ వరకు

1687లో న్యూటన్ ప్రకటించిన గురుత్వాకర్షణ సూత్రంలో కాలానికి చోటు లేదు. సూర్యుడు కదిలిన క్షణంలోనే భూమికి ఆ సంగతి తెలిసిపోతుందని ఆ సూత్రం భావించింది. మధ్యలో ఏ మాధ్యమమూ లేకుండా ఒక వస్తువు దూరాన ఉన్న మరొక వస్తువును లాగడం న్యూటన్‌కే మింగుడుపడలేదని ఆయన బెంట్లీకి రాసిన ఉత్తరాలవల్ల తెలుస్తుంది. అప్పటికే, 1676లో, రోమర్ గురుగ్రహపు ఉపగ్రహ గ్రహణాలను పరిశీలించి కాంతికి పరిమితమైన వేగం ఉన్నదని నిరూపించాడు. గురుత్వాకర్షణకు మాత్రం వేగమెంత అన్న ప్రశ్న మిగిలిపోయింది. 1805లో లాప్లాస్ ఆ లెక్క వేసి, గురుత్వాకర్షణ వేగం కాంతి వేగానికి కనీసం 70 లక్షల రెట్లు ఉండాలన్నాడు. లెక్కలో పొరపాటు లేదు. పొరపాటంతా మొదట తీసుకొన్న ఊహలో ఉంది. కదిలే వస్తువు ఆకర్షణలో వేగాన్ని బట్టి వచ్చే ఇతర అంశాలు ఈ ఆలస్యపు ప్రభావాన్ని దాదాపు పూర్తిగా రద్దు చేస్తాయని శతాబ్దం తరువాత గాని తెలియలేదు.

1905లో ఐన్‌స్టీన్ ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. కాంతిని మించిన వేగంతో కబురు పంపడం సాధ్యమైతే, దానిని చూసే ఒకరికి కారణం ముందు కనిపించినా, వేరే వేగంతో కదిలే మరొకరికి కార్యమే ముందు కనిపిస్తుంది. అటువంటి కబుర్లు రెండింటిని జతపరిస్తే, పంపినవానికే పంపకముందే జవాబు వచ్చే విపరీతం ఏర్పడుతుంది. కనుక సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల కాంతి వేగం ప్రకృతిలో ఏ కబురైనా దాటరాని హద్దు అయింది. 1915లో వెలువడిన సాధారణ సాపేక్షతా సిద్ధాంతంలో గురుత్వాకర్షణ కూడా ఈ హద్దుకు లోబడింది. 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో సూర్యుని పక్కగా వచ్చే నక్షత్రకాంతి వంగినట్లు బ్రిటిష్ బృందాలు కొలిచాయి. అటువంటి సంపూర్ణ గ్రహణమే 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ పరిశోధనాలయం వద్దా, ఒరిస్సాలోని కోణార్క వద్దా కనిపించింది.

సూర్యుని సమీపంలో కాంతి వంగడమే కాదు, ఆలస్యమవుతుంది కూడా. కొండదారిలో ఎగువకు సాగే బండి మైదానంలోని బండికన్నా ఆలస్యంగా చేరినట్లే ఇది. 1964లో ఇర్విన్ షాపిరో ఈ ఆలస్యాన్ని లెక్కగట్టాడు. సూర్యునికి ఆవలివైపున ఉన్న గ్రహానికి రాడార్ తరంగాలను పంపి ప్రతిధ్వనిని అందుకొంటే, అది సెకనులో 10 వేలవ వంతుకు సుమారు రెండు రెట్లు ఆలస్యంగా రావాలన్నాడు. బుధ, శుక్ర గ్రహాలపై జరిగిన ప్రయోగాలు దీనిని ధ్రువపరచాయి. 2002లో కసీని వ్యోమనౌక సహాయంతో జరిగిన కొలతలు ఐన్‌స్టీన్ లెక్కతో లక్షలో రెండు మూడు వంతుల మేరకు సరిపోయాయి. గమనించదగిన సంగతి ఏమంటే, గురుత్వాకర్షణ కాంతికి ఎప్పుడూ ఆలస్యమే కలిగిస్తుంది గాని, త్వరను కలిగించదు. ముందుముందు ఈ సంగతే కీలకమయింది.

తెలియనిదాన్ని పక్కన ఉంచి తెలిసినదాన్ని చెప్పే పద్ధతి

నియమగిరి కొండలను దూరం నుంచి చూచినవారికి నీలిరంగు గీత కనిపిస్తుంది. దగ్గరికి వెళితే చెట్లు, మరింత దగ్గరికి వెళితే ఆకులు కనిపిస్తాయి. దూరం నుంచి కొండ రూపాన్ని వర్ణించడానికి ఆకుల ఈనెలను లెక్కించనవసరం లేదు. భౌతికశాస్త్రంలో దీనికి సరిపోయే పద్ధతిని 'ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ' అంటారు. ఒక దూరపరిమితికి పైన జరిగే విషయాలను మాత్రమే చెప్పి, అంతకన్నా సూక్ష్మమైన వివరాలను కొన్ని తెలియని అంకెలుగా సమీకరణంలో ఉంచడం ఈ పద్ధతిలోని సారం. 1930 దశకంలో ఫెర్మీ బీటా క్షయానికి ఇచ్చిన సిద్ధాంతం ఇటువంటిదే. ఆ చర్యకు మూలమైన డబ్ల్యు కణం సంగతి ఆయనకు తెలియదు. ప్రోటానుకన్నా సుమారు 85 రెట్లు బరువైన ఆ కణం 1983లో గాని ప్రయోగశాలలో దొరకలేదు. అయినప్పటికీ ఫెర్మీ లెక్కలు ఆ మధ్యకాలమంతా పనికివచ్చాయి.

గురుత్వాకర్షణకు ఈ పద్ధతి అవసరమైన కారణం వేరు. దానిని క్వాంటం సిద్ధాంతంతో కలిపినప్పుడు లెక్కలలో అనంతాలు వస్తాయని 1974లో 'ట్ హూఫ్ట్, వెల్ట్‌మన్‌లు చూపారు. ఏ ఇతర పదార్థమూ లేని గురుత్వాకర్షణలో సైతం ఈ ఇబ్బంది తప్పదని 1980 దశకం మధ్యలో గోరోఫ్, సాగ్నోటీలు నిరూపించారు. 1994లో జాన్ డోనహ్యూ ఈ సమస్యను మరొక కోణంలో చూచాడు. ఐన్‌స్టీన్ సమీకరణాన్ని దూరం నుంచి చూచిన వర్ణనగా భావించి, దానికి సూక్ష్మమైన సవరణలు చేర్చుకొంటే, సామాన్య దూరాలలో నమ్మదగిన జవాబులు వస్తాయన్నాడు. ఒక మీటరు దూరంలో ఆ క్వాంటం సవరణ ఎంత స్వల్పమంటే, 1 పక్కన 70 సున్నాలు పెట్టిన సంఖ్యతో భాగించినంత. కొలవడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడే అసలైన చిక్కు మొదలవుతుంది. సవరణలలోని తెలియని అంకెలను ప్రయోగం చెప్పలేదు. అటువంటప్పుడు ఎవరి ఇష్టం వచ్చిన అంకెను వారు వేసుకొని, ఇదే ప్రకృతి అని వాదించవచ్చునా? సవరణల రంగంలో అంతా ఊహాగానమే మిగులుతుందా? గురుత్వాకర్షణ అధ్యయనం శాస్త్రంగా నిలబడుతుందా అన్నంత తీవ్రమైన ప్రశ్న ఇది. దీనికి జవాబు కార్యకారణ నియమం నుంచే వచ్చింది.

గాజుపలక చెప్పిన పాఠం

ఆ జవాబు బీజం గాజుపలకలో ఉంది. 1926, 1927 సంవత్సరాలలో క్రోనిగ్, క్రేమర్స్ అనే శాస్త్రజ్ఞులు కాంతి ఒక పదార్థంలో ప్రవేశించే విధానాన్ని పరిశీలించారు. కాంతి లోపలికి రాకముందే బయటికి పోరాదన్న ఒక్క షరతు విధిస్తే చాలు, ఆ పదార్థం కాంతిని ఎంత వంచుతుంది, ఎంత పీల్చుకొంటుంది అన్న రెండు విషయాలు పరస్పరం ముడిపడిపోతాయని వారు కనుగొన్నారు. ఒకటి తెలిస్తే రెండవది లెక్కలో వస్తుంది. 1954లో గెల్-మాన్, గోల్డ్‌బర్గర్, థిర్రింగ్‌లు ఇదే తర్కాన్ని కణాల తాకిడులకు అన్వయించారు. కాలంలోని ముందు వెనుకల నియమం గణితంలో ఒక క్రమశిక్షణగా మారిన ఘట్టమది.

ఈ విద్య ప్రపంచమంతటా వ్యాపిస్తున్న కాలంలోనే దక్షిణాదిలో సిద్ధాంత భౌతికశాస్త్రానికి ఒక పీఠం ఏర్పడింది. నెల్లూరు జిల్లా పూడూరులో జన్మించి రాజ్యాంగ రచనా సంఘ సభ్యులుగా ఖ్యాతిగాంచిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కుమారుడు అల్లాడి రామకృష్ణన్ మద్రాసులోని తమ ఇంట్లోనే విద్యార్థులను చేరదీసి గోష్ఠులు నడిపాడు. 1960లో నీల్స్ బోర్ ఆ గోష్ఠిని దర్శించి ప్రశంసించాడు. దాని ఫలితంగా ప్రధాని నెహ్రూ ప్రోత్సాహంతో 1962 జనవరి 3న మద్రాసులో గణితశాస్త్రాల సంస్థ ప్రారంభమైంది. ఒక ఇంటి వసారాలో మొదలైన చదువు జాతీయ సంస్థగా ఎదిగిన ఈ వృత్తాంతం ఉపాధ్యాయులకు స్ఫూర్తిదాయకం. ఆ సంవత్సరంలోనే ఇ.సి.జి. సుదర్శన్, బిలాన్యుక్, దేశ్‌పాండేలు కాంతిని మించిన వేగం గల కణాలు ఉండవచ్చునా అన్న ప్రశ్నను నిర్భయంగా లేవనెత్తారు. సుదర్శన్ తరువాత 1980 దశకంలో ఆ మద్రాసు సంస్థకే అధిపతి అయ్యారు. అటువంటి కణాలు నేటివరకు దొరకలేదు. అయినా ఆ ప్రశ్న వృథా కాలేదు. కార్యకారణ నియమాన్ని ఎక్కడ, ఎట్లా ప్రయోగించాలో నిక్కచ్చిగా ఆలోచించడానికి అది దారితీసింది.

జాగ్రత్త అవసరమన్న విషయం ఇతర ఉదాహరణలలోనూ రుజువైంది. వక్రమైన ఆకాశంలో కాంతి క్వాంటం కారణాలవల్ల కొన్ని సందర్భాలలో హద్దును స్వల్పంగా మించినట్లు కనిపిస్తుందని 1980లో డ్రమండ్, హాత్రెల్‌లు లెక్కించారు. అయితే కబురు వేగమంటే తరంగపు తొలి అంచు వేగమేనని 1914లోనే సోమర్‌ఫెల్డ్, బ్రిల్వాన్‌లు వివరించి ఉన్నారు. ఆ తొలి అంచు ఈ సందర్భంలో కూడా హద్దు దాటదని 2000 దశకంలో హాలోవుడ్, షోర్‌లు చూపారు. ఇక 2011లో న్యూట్రినోలు ఐరోపాలో 730 కిలోమీటర్ల దూరాన్ని కాంతికన్నా 60 నానోసెకన్లు ముందుగా దాటాయన్న వార్త లోకాన్ని కలవరపరిచింది. 2012లో విచారిస్తే ఒక తీగ సరిగా బిగించకపోవడం అందుకు ముఖ్యకారణమని తేలింది. నియమం నిలిచింది.

ఆలస్యం త్వరగా మారితే

2006లో ఆడమ్స్, అర్కానీ-హమేద్, డుబోవ్‌స్కీ, నికోలిస్, రత్తాజీ అనే ఐదుగురు శాస్త్రజ్ఞులు ఒక ముఖ్యమైన ఫలితాన్ని ప్రకటించారు. కొన్ని సిద్ధాంతాలలో సవరణ ముందు ఉండే అంకె ధనాత్మకమై తీరాలి. అది రుణాత్మకమైతే, ఆ క్షేత్రం నిండిన ప్రదేశంలో తరంగం కాంతిని మించి పోతుంది. అటువంటి రెండు ప్రదేశాలు ఒకదానినొకటి వేగంగా దాటుకుంటే కబురు తన గతంలోకే చేరుతుంది. సమీకరణం చూడడానికి ఎంత సక్రమంగా ఉన్నా, ఒక్క గుర్తు మారితే అది ప్రకృతిలో చెల్లదన్నమాట.

2014లో కమాన్యో, ఎడెల్‌స్టెయిన్, మాల్డసేనా, జిబొయెడోవ్‌లు ఇదే ఆలోచనను నేరుగా గురుత్వాకర్షణకు అన్వయించారు. కాంతివేగానికి చేరువగా దూసుకుపోయే ఒక కణం తన వెంట గురుత్వాకర్షణ తాకిడి తరంగాన్ని తీసుకుపోతుంది. మరొక గురుత్వ తరంగం ఆ తాకిడిని దాటినప్పుడు, షాపిరో చెప్పినట్లు దానికి ఆలస్యం కలగాలి. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో అట్లాగే జరుగుతుంది. కాని గురుత్వ కణాలు మూడు కలిసే చోట కొత్త సవరణ పదాన్ని చేరిస్తే, తరంగపు కంపన దిశను బట్టి ఒకదానికి ఆలస్యం పెరుగుతుంది, మరొకదానికి తగ్గుతుంది. సవరణకు సంబంధించిన దూరం దగ్గరికి వచ్చేసరికి ఆ తగ్గుదల సున్నాను దాటి త్వరగా మారుతుంది. అటువంటి తాకిళ్లను వరుసగా పేరిస్తే ఆ త్వర పేరుకొని పెద్దదవుతుంది. కబురు పంపకముందే చేరే పరిస్థితి వస్తుంది.

దీనికి తరుణోపాయం ఒక్కటే. అదే దూరపరిమితి వద్ద మరికొన్ని కొత్త కణాలు, అదీ ఒకటి రెండు కాక, గురుత్వ కణంకన్నా ఎక్కువ భ్రమణం గల అనంతమైన కణసమూహం రంగంలోకి వచ్చి ఆ త్వరను అడ్డుకోవాలి. స్ట్రింగ్ సిద్ధాంతంలో సరిగ్గా ఇటువంటి సమూహమే ఉంది. దీనివల్ల తేలినదేమిటి? ఖగోళ పరిశోధనలో కనిపించేంత పెద్ద సవరణను ఎవరైనా ఊహిస్తే, అంత దూరంలోనే కొత్త కణాల జాడ కూడా కనిపించాలి. గురుత్వాకర్షణ సూత్రాన్ని మిల్లీమీటరులో పదవ వంతుకన్నా తక్కువ దూరాలవరకు ప్రయోగశాలలలో పరీక్షించారు. అటువంటి జాడ కనిపించలేదు. ఇష్టం వచ్చిన అంకె వేసుకొనే స్వేచ్ఛకు ఈ విధంగా గట్టి కళ్లెం పడింది.

మన దేశంలో జరిగిన కృషి

ఈ విషయంలో భారతీయుల పాత్ర తక్కువది కాదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన షిరాజ్ మిన్‌వాలా, అభిజిత్ గద్దే, వారి సహచరులు 2019లో వెలువరించిన పరిశోధనలో, తాకిడి శక్తి పెరిగినప్పుడు ఫలితం ఎంత త్వరగా పెరగవచ్చునో ఒక హద్దును ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన సరైనదైతే, కొత్త కణాలేవీ లేనప్పుడు, 6 పరిమాణాల వరకు గల ప్రపంచాలలో నాలుగు గురుత్వ కణాల తాకిడికి ఐన్‌స్టీన్ సిద్ధాంతం తప్ప వేరు దారి లేదని వారు చూపారు. ఇది ఇంకా ప్రతిపాదనే గాని సంపూర్ణ నిరూపణ కాదు. ఆ సంగతి వారే స్పష్టం చేశారు.

ఒరిస్సాకు సంబంధించిన ఉదాహరణ మరింత దగ్గరిది. భువనేశ్వర్‌లోని భౌతికశాస్త్ర సంస్థను రాష్ట్ర ప్రభుత్వం 1972లో స్థాపించగా, 1985లో కేంద్ర అణుశక్తి శాఖ స్వీకరించింది. ఆ సంస్థకు చెందిన ఆచార్య జ్ఞానదేవ మహారణా ఒక సూక్ష్మమైన ప్రశ్నను చేపట్టారు. ఆకాశంలో ఒక పరిమాణం గాజులా చుట్టుకొని ఉంటే, కార్యకారణ నియమం నుంచి వచ్చే గణిత సంబంధాలు చెల్లుతాయా? సాపేక్షత లేని సాధారణ క్వాంటం యాంత్రికశాస్త్రంలో అవి కొన్నిచోట్ల విఫలమవుతాయని 1995లో ఖురీ చూపి ఉన్నాడు. సాపేక్షతను పాటించే క్షేత్ర సిద్ధాంతంలో అవి నిలుస్తాయని మహారణా 2010 దశకం చివర నిరూపించారు. సాపేక్షత ఉన్నచోట, అంటే కబురుకు వేగపు హద్దు ఉన్నచోట, నియమం నిలిచిందన్నది ఇక్కడి విశేషం.

పరిశీలన, మిగిలిన ప్రశ్నలు

2017 ఆగస్టు 17న ప్రకృతే ఒక మహాపరీక్ష జరిపింది. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. ఆ గురుత్వ తరంగాలు భూమికి చేరిన 1.7 సెకన్ల తరువాత గామా కిరణాలు చేరాయి. 13 కోట్ల సంవత్సరాల ప్రయాణంలో ఇంత స్వల్ప భేదం! గురుత్వ తరంగం, కాంతి రెండింటి వేగం కోటి కోట్లలో ఒక వంతు భేదం కూడా లేకుండా సమానమని రుజువైంది. విశ్వం వేగంగా వ్యాకోచించడానికి కారణం చూపాలని ప్రతిపాదించిన పలు కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతాలు ఒక్కరోజులో చిక్కులో పడ్డాయి. అయితే ఆ సిద్ధాంతాలలో కొన్ని అసలు ఆ తరంగాల పౌనఃపున్యం వద్ద చెల్లుతాయో లేదో ముందు తేల్చాలని 2018లో క్లాడియా డి రామ్, మెల్విల్‌లు హెచ్చరించారు. ఒక వర్ణన ఎంత దూరం వరకు చెల్లుతుందో తెలియకుండా దానిని ఖండించడం కూడా తొందరపాటే కదా!

2021లో కారోన్-హూ, మజాచ్, రాస్టెల్లీ, సిమన్స్-డఫిన్‌లు గురుత్వాకర్షణ ఉన్నప్పుడు సవరణల అంకెలు ఏ సరిహద్దుల మధ్య ఉండాలో నికరమైన లెక్కలు ఇచ్చారు. గురుత్వాకర్షణ లేనప్పుడు ధనాత్మకమై తీరాలన్న అంకె, అది ఉన్నప్పుడు కొద్దిపాటి రుణాత్మకానికి కూడా చోటిస్తుందని ఆ లెక్కలలో తేలింది. గురుత్వాకర్షణే ఆకాశాన్ని, కాలాన్ని వంచుతుంది గనుక, ఎవరి కాంతితో పోల్చి 'ముందు' అనాలన్న ప్రశ్న ఇక్కడ సులభం కాదు. కొలవడానికి వీలు లేనంత స్వల్పమైన త్వరను నియమభంగంగా లెక్కించాలా వద్దా అన్న చర్చ కూడా సాగుతున్నది.

ఈ చరిత్రలో విద్యార్థులు గ్రహించవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, లాప్లాస్ లెక్క చెప్పినట్లు, గణితం ఎంత శుద్ధమైనా ప్రారంభంలో తీసుకొన్న ఊహ తప్పయితే ఫలితం తప్పుతుంది. రెండవది, మొక్కకు ముందు విత్తు అని పసిపిల్లలకు సైతం తెలిసిన నియమాన్ని పట్టుదలతో చివరిదాకా వెంబడిస్తే, ఏ యంత్రమూ చేరలేని చోటికి బుద్ధి చేరగలదు. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో గురుత్వ తరంగాల పరిశోధనాలయ నిర్మాణానికి కేంద్ర ప్రభుత్వం 2023లో ఆమోదం తెలిపింది. అక్కడి యంత్రాల వద్ద పనిచేయడానికి గణితం, భౌతికశాస్త్రం శ్రద్ధగా చదివిన యువతీయువకులు కావాలి. వారిలో కొందరు ఈ కొండల నడుమ తెలుగులో అక్షరాలు దిద్దినవారు కావడానికి అడ్డేమీ లేదు.